ఉద్దానంలో ఫ్రెంచి చదువు

కాలేజీలో ఫ్రెంచి, స్పానిష్ భాషలు తీసుకోవాలనుకునే విద్యార్థుల కోసం నాలుగు మాటలు రాసిమ్మని మా పాత బడివాళ్ళు అడిగారు. వాళ్ళకు కావలసింది ఉత్సాహపరిచే మాటలు. అవి నా దగ్గర లేవు. ఉన్నవి రాస్తున్నాను. అచ్చు వెయ్యకపోయినా నేనేమీ అనుకోను.

నేను ఏ ఉద్యోగం నుంచి ఏ ఉద్యోగానికి ఎక్కానో, ఏ ఇన్‌స్పెక్టరు నన్ను మెచ్చుకున్నాడో ఇక్కడ చెప్పబోవడం లేదు. అవి ఎవరికీ పనికిరావు. ఒక ఉత్తరం గురించి, ఒక శిష్యుడి గురించి చెబుతాను. నా వృత్తి అంతా ఆ రెంటిలోనే ఉంది.

ఎలా మొదలుపెట్టాను

మా నాన్న టెక్కలి మిషను బడిలో ఉపాధ్యాయుడు. ఆ మిషనులో కెనడా నుంచి వచ్చిన దొరసాని ఒకావిడ ఉండేది. ఆవిడ తల్లి ఫ్రెంచి మనిషి. మాతో తెలుగు, తోటి దొరలతో ఇంగ్లీషు మాట్లాడేది గాని, జ్వరంతో పడుకున్నప్పుడో, వేలికి సూది గుచ్చుకున్నప్పుడో మాత్రం ఆవిడ నోట ఫ్రెంచి వచ్చేది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. ఆ భాష నాకు నేర్పమని అడిగాను.

"ఇక్కడ దానితో ఏం చేస్తావు, రత్నం?" అని నవ్వింది.

ఏం చేస్తానో నాకు తెలియదు. ఆ శబ్దం నచ్చింది, అంతే. ఆవిడ కీర్తనలు, బైబిలు వచనాలు నేర్పింది. జ్వరంలో మాట్లాడే మాటలు నేర్పలేదు. నేనూ అడగలేదు.

మద్రాసులో బి.ఏ.కి ఫ్రెంచి తీసుకున్నాను. తరగతిలో నలుగురం. మిగతా ముగ్గురూ లండను వెళ్ళి బారిస్టర్లు కావాలనుకున్నవాళ్ళు. నేనొక్కడినే ఆ భాష కోసం చేరినవాడిని. మా అయ్యవారు పాండిచ్చేరి తమిళుడు. వ్యాకరణంలో సింహం. ఒక పేరా ఇస్తే ఇంగ్లీషులోకి మార్చాలి, మళ్ళీ ఫ్రెంచిలోకి మార్చాలి. ఒక్క అక్షరం తేడా వస్తే కాగితం చింపేవాడు. అన్ని సంవత్సరాల్లో ఒక్కరోజు కూడా ఆయన నన్ను ఫ్రెంచిలో "భోంచేశావా?" అని అడగలేదు. స్పానిష్ కాలేజీలో లేదు. ఆ దేశపు ముసలి పాదిరి ఒకాయన మైలాపూరు వైపు ఉండేవాడు. శనివారాలు ఆయన దగ్గరికి వెళ్ళి నేర్చుకున్నాను. ఆయన కాసేపు చెప్పి, పుస్తకం మూసి, తన ఊరి మనుషుల గురించి మాట్లాడుతూ ఉండిపోయేవాడు. పాఠం ఎగ్గొడుతున్నాడని నేను విసుక్కునేవాడిని. పాఠమంటే అదేనని నాకు తెలియదు.

డిగ్రీ తర్వాత ఒక ఓడల ఏజెంట్ల ఆఫీసులో రెండేళ్ళు పనిచేశాను. ఫ్రెంచి రేవుల నుంచి వచ్చే సరుకు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. మా పెద్ద గుమాస్తా ఒకటే మాట చెప్పేవాడు: "ఎక్కడా ఆగకు. అర్థం కాకపోయినా ఆగకు. ఆగితే కాగితాలు పేరుకుపోతాయి." నేను ఆగకుండా రాయడం నేర్చుకున్నాను. ఆ గుణం కోసం ఆయన నన్ను అందరిముందూ మెచ్చుకునేవాడు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న అతిచెడ్డ అలవాటు అది.

నాన్నకు జబ్బు చేస్తే టెక్కలి వచ్చేశాను. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేరాను. ఫ్రెంచి ఎవరికీ అక్కర్లేకపోయింది. చెరువుగట్టు మీద సాయంత్రం ఒక్కడినే నడుస్తూ, నాలో నేను ఫ్రెంచిలో మాట్లాడుకునేవాడిని. ఎదురైనవాళ్ళు నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని తప్పుకుని వెళ్ళేవారు.

ఉత్తరం

నేను చేరిన ఐదేళ్ళకు, మొదటి ప్రపంచయుద్ధం ఇంకా రాకముందు, ఒక మధ్యాహ్నం బడి వరండాలోకి ఇద్దరు వచ్చారు. డొంకూరు నుంచి దాలమ్మ, ఆమె మరిది ఎర్రన్న. ఇచ్ఛాపురంలో రైలెక్కి, నౌపడాలో దిగి, అక్కడి నుంచి నడిచి వచ్చారు. దాలమ్మ భర్త పేరు పరదేశి. చేపల వేట వదిలిపెట్టి రంగం వెళ్ళాడు. రంగూనును మావైపు రంగం అంటారు. అక్కడ పెద్ద ఓడలో బాయిలరుకు బొగ్గువేసే పనిలో చేరాడు. రెండేళ్ళుగా కబురు లేదు. ఇప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. ఇచ్ఛాపురం పోస్టాఫీసులో ఎవరికీ చదవడం రాలేదు. ఈ భాష వచ్చినవాడు జిల్లాలో టెక్కలి మాస్టారొక్కడేనని ఎవరో చెప్పి పంపారు.

నేను ఎంత పొంగిపోయానో దాచను. ఐదేళ్ళలో మొదటిసారి నా చదువు కోసం ఒక మనిషి నడిచి వచ్చింది. భోజనాల వేళ కావడంతో మాస్టార్లందరూ వరండాలోనే ఉన్నారు. నేను కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఉత్తరం విప్పాను.

మా హెడ్మాస్టరు జోగారావు గారు నా భుజం మీదుగా చూసి మెల్లగా అన్నాడు. "ఆస్పత్రి ఉత్తరంలా ఉందోయ్. తొందరపడకు. నకలు తీసి మద్రాసులో మీ అయ్యవారికి పంపు. ఆయన సరేనంటే అప్పుడు చెప్పు. వీళ్ళని వారం ఆగి రమ్మందాం."

"అక్కర్లేదండీ. ఇది సులువు ఫ్రెంచి" అన్నాను. అందరిలో నన్ను అవమానించాడనిపించింది.

నిజంగానే అది సులువు ఫ్రెంచి. ఫ్రాన్సు దేశపు మార్సెయ్ రేవులోని ఆస్పత్రిలో రోగులను చూసుకునే ఒక సన్యాసిని రాసింది. పరదేశికి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే ఓడవాళ్ళు అక్కడ దింపి వెళ్ళారు. మూడు వారాలు ఆవిడే చూసుకుంది. అతని మాట ఆవిడకు, ఆవిడ మాట అతనికి తెలియక చేతులతో సైగలు చేసుకునేవారు. ఆ తర్వాత ఇలా ఉంది: మంగళవారం తెల్లవారుతుండగా అతను మమ్మల్ని విడిచి వెళ్ళాడు, చాలా ప్రశాంతంగా, బాధ లేకుండా. అతని వస్తువులు తర్వాత ఓడలో వస్తాయి. దేవుడు అతనికి తోడుగా ఉంటాడు.

చదువుతున్న మీకు అది ఏమిటో వెంటనే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. విడిచి వెళ్ళడం అనే ఆ క్రియ ఓడల ఆఫీసులో రోజుకు ఇరవైసార్లు నా కలం కింద నడిచేది. ఫలానా ఓడ ఫలానా రేవును విడిచి వెళ్ళింది. నా తలలో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. నేను ఆగలేదు.

"నీ పెనిమిటికి జబ్బు చేసిందమ్మా. ఇప్పుడు నయమైంది. మంగళవారం పొద్దున్నే ఆస్పత్రి నుంచి బయల్దేరాడు. ఒంట్లో బాధ లేదు. సామాను వేరే ఓడలో వస్తోంది" అన్నాను.

నయమైందన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది నేను చేర్చింది.

"మరెప్పుడొత్తాడండీ బాబూ?" అంది దాలమ్మ.

"రెండు నెలలు. మహా అయితే మూడు."

అదీ ఉత్తరంలో లేదు.

ఆమె మరిది వైపు తిరిగింది. "ఇన్నావేట్రా ఎర్రన్నా? నాను సెప్పనేదేటి? ఆడికేటీ అవదని సెప్పనేదేటి?" అని నవ్వుతూ ఏడ్చింది. ఉత్తరాన్ని కొంగున ముడివేసుకుంది. మాస్టార్లంతా నన్ను చూసి తలలాడించారు. జోగారావు గారు మాత్రం లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళి నాన్నకు ఇదంతా రెండుసార్లు చెప్పాను.

డొంకూరు

ఏడాది దాటాక ఎర్రన్న ఒక్కడే వచ్చాడు. చేతిలో గుడ్డలో కుట్టిన చిన్న మూట. ఇచ్ఛాపురం పోస్టాఫీసుకు వచ్చిందట. వదినకు చెప్పకుండా తెచ్చాడు.

విప్పి చూశాం. ఒక చొక్కా, పొగాకు డబ్బా, తాయెత్తు, ముద్రలు వేసిన ఒక కాగితం. ఆ కాగితం మీదున్న మాటకు రెండర్థాలు లేవు. మరణించినవాడు అని రాసి ఉంది. తారీకు ఆ మంగళవారమే.

ఎర్రన్న నా ముఖమే చూస్తున్నాడు. "ఏటి మాస్టారూ? ఏటున్నాది అందులోన?"

"నేను మీ ఊరు వస్తాను" అన్నాను. అప్పటికి అతనికి అర్థమైపోయింది. తలపాగా విప్పి ముఖం మీద కప్పుకుని అక్కడే కూలబడ్డాడు.

రైల్లో పలాస దాటాక అతను ఆ ఏడాదంతా ఏం జరిగిందో చెప్పాడు. మూడు నెలలు చూశారు. ఆరు నెలలు చూశారు. దాలమ్మ వారానికోసారి ఇచ్ఛాపురం స్టేషనుకు వెళ్ళి కూర్చునేది. నయమై బయల్దేరినవాడు ఇంటికి రాలేదంటే ఏమనుకుంటారు? దారిలో ఎక్కడో మరో ఆడదాన్ని చేరదీశాడనుకున్నారు. ఊళ్ళో అందరికంటే ఎక్కువగా ఆ మాట నమ్మినవాడు పరదేశి తండ్రి.

"అయ్య ఆడి పేరెత్తితే సాలు, కర్ర అట్టుకునేవోడండి" అన్నాడు ఎర్రన్న. "నాకు ఒక్కడే కొడుకు, ఆడు ఎర్రన్న, అనీవోడు. మా వొదిన్ని సూసి, నీ మొగుడు నిన్నొదిలీసినాడు, నాను నిన్నొదల్నమ్మా అని ఏడిసీవోడు. మొన్న సిత్తిరిలో సచ్చిపోనాడండి. సచ్చేముందు, ఆడొత్తే నా సమాది కాడికి రానీకండి అని సెప్పి మరీ సచ్చిపోనాడు."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగి పారిపోదామన్న ఆలోచన మందస స్టేషనులో ఒకసారి, సోంపేటలో ఒకసారి వచ్చింది. ఎర్రన్న నా పక్కనే ఉన్నాడు కాబట్టి దిగలేదు. ధైర్యం వల్ల కాదు.

డొంకూరులో దాలమ్మ ఇసుకలో చేపలు ఆరబెడుతోంది. నన్ను చూసి గబగబా చేతులు కడుక్కుని వచ్చింది. నేను నిలబడే చెప్పాను. ఆ ఉత్తరాన్ని నేను తప్పు చదివానని, పరదేశి ఆ మంగళవారమే చనిపోయాడని, ఎక్కడికీ వెళ్ళలేదని, ఎవరినీ చేరదీయలేదని చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళి ఆ ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"మళ్ళీ సదవండి. ఆ యమ్మ ఏటి రాసిందో ఆ మాటకా మాటే సెప్పండి. మీరేటీ కలపకండి."

చదివాను. "మంగళవారం తెల్లవారుతుండగా అతను మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడు. చాలా ప్రశాంతంగా, బాధ లేకుండా."

"ఇలగే ఉన్నాదా? ఆ పొద్దు కూడా ఇలగే ఉన్నాదా?"

"ఇలాగే ఉంది."

"అలగే సదివుంటే ఆ పొద్దే నాను ఏడ్సీదాన్ని గదండీ" అంది దాలమ్మ. "మమ్మల్నొదిలి ఎల్లిపోనాడు అంటే నాకు తెల్దేటి? మా సిన్న గుంటడు పోయినప్పుడు నాను అలగే అన్నాను. ఎవులికైనా తెలుత్తాది."

ఆమె నన్ను తిట్టలేదు. ఎర్రన్న తిట్టలేదు. చుట్టూ చేరినవాళ్ళలో ఒక ముసలమ్మ ఏదో అనబోతే దాలమ్మే చెయ్యెత్తి ఆపింది. వాళ్ళు కొట్టి పంపితే నాకు కొంత తేలికయ్యేది.

బయల్దేరుతుంటే దాలమ్మ ఇంకొక్క మాట అడిగింది. "మా మావకెవులు సెప్తారండీ ఇప్పుడు?"



రెండో తప్పు

జోగారావు గారికి అంతా చెప్పాను. ఆయన "నేను ముందే చెప్పాను" అనలేదు. మంచి మనిషి. కొన్నాళ్ళయ్యాక ఒకరోజు అడిగాడు. "మళ్ళీ ఎవరైనా కాగితం తెస్తే చదువుతావా?"

"చదవనండీ."

"అయితే అది ఇంకా పెద్ద తప్పవుతుంది, రత్నం."

ఆయన మాట ఈసారి కూడా నేను వినలేదు. యుద్ధం రోజుల్లో బారువ వైపు నుంచి ఒకావిడ ఫ్రెంచి కాగితం పట్టుకుని వచ్చింది. దూరం నుంచే ఆ అక్షరాలు గుర్తుపట్టాను. "ఈ భాష నాకు రాదమ్మా" అన్నాను. "వొచ్చని సెప్పినారండీ" అంది. "తప్పు చెప్పారు" అన్నాను. ఆమె కాగితం మడిచి దాచుకుని వెళ్ళిపోయింది. అందులో ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె పేరు కూడా అడగలేదు. దాలమ్మ విషయంలో నేను చేసింది పొరపాటని చెప్పుకోవచ్చు. దీన్ని ఏమని చెప్పుకోను?

ఇక స్పానిష్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఇన్నేళ్ళలో ఆ భాష కావాలని ఒక్కరూ నా గడప తొక్కలేదు. పాదిరి చనిపోయాక అందులో నేను విన్న మనిషి గొంతే లేదు. క్రియారూపాలు ఇప్పటికీ తప్పులేకుండా అప్పజెప్పగలను. కలలో కూడా ఎవరూ ఆ భాషలో నన్ను పిలవలేదు.

కూర్మారావు

యుద్ధం అయిపోయాక కూర్మారావు నా తరగతికి వచ్చాడు. పలాస పక్కన ఉద్దానం కుర్రాడు. తండ్రి లచ్చయ్యకు కొబ్బరితోట ఉండేది. కూర్మారావుది భాషలు పట్టే చెవి. ఒక్కసారి విన్న మాట మర్చిపోయేవాడు కాదు. ఫ్రెంచి నేర్పమని అతనే అడిగాడు. నేను వద్దనాల్సింది. అనలేదు. నాకు రానిది ఇతనికి వస్తుందని, నా తర్వాత సరిగ్గా చదివేవాడు ఒకడుంటాడని ఆశపడ్డాను. అతని కోసమని చెప్పి నా కోసం నేర్పాను. ఫ్రెంచి నేర్పాను, స్పానిష్ కూడా నేర్పాను. మద్రాసులో అవే తీసుకుని చదవమని లచ్చయ్యను నేనే ఒప్పించాను. ఆయన తోటలో సగానికి పైగా అమ్మి పంపాడు.

కూర్మారావు బాగా చదివాడు. పరీక్షలో అతనికి సాటి లేరని మా పాత కాలేజీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. తర్వాత ఉద్యోగం కోసం తిరిగాడు. పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ కొలువుల్లో వాళ్ళ మనుషులే ఉన్నారు. ఓడల ఆఫీసులు టైపు వచ్చా అని అడిగాయి. కాలేజీల్లో ఉన్న ఒకటి రెండు చోట్లూ ఖాళీ అయ్యేవి కావు. ఇంటికి వచ్చి రెండేళ్ళు కూర్చున్నాడు. వారం వారం టెక్కలి వచ్చేవాడు. ఇద్దరం ఫ్రెంచిలో మాట్లాడుకునేవాళ్ళం. నా జీవితంలో మంచి రోజులేమైనా ఉన్నాయంటే అవే. అతనికి అవి ఎలాంటి రోజులో నేను ఆలోచించలేదు.

ఒకసారి, ఏమీ చెప్పకుండా, ఆ సన్యాసిని ఉత్తరంలోని వాక్యాలు కాగితం మీద రాసి అతనికిచ్చాను. నాకవి కంఠతా వచ్చు. చూడగానే అతని ముఖం మారింది. "పాపం, ఎవరండీ పోయింది?" అన్నాడు.

"పోయాడని ఎలా తెలిసింది?"

"ఇందులో ఉంది కదండీ. మనమూ అలాగే అంటాం కదా."

నేను కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఇంత తెలిసినవాడికి ఈ భూమ్మీద చేయడానికి పని లేదు. ఏమీ తెలియని నేను ఊరంతటికీ ఫ్రెంచి మాస్టారిని.

చివరికి అతనికి రంగంలో ఒక బియ్యం మిల్లులో బస్తాలు చూసుకునే పని దొరికింది. గోపాలపురం రేవులో ఓడ ఎక్కాలి. పలాస స్టేషనుకు నేనూ వెళ్ళాను. కూర్మారావు ట్రంకుపెట్టె సర్దుకోవడానికి రైల్లోకి వెళ్ళాడు. ప్లాట్‌ఫారం మీద లచ్చయ్య, నేను మిగిలాం. ఆయనను తలెత్తి చూడలేకపోయాను. తోట గురించి అడుగుతాడని, కొడుకును ఇలా చేశావేమని అడుగుతాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

"మాస్టారూ, ఒక మాటడుగుతాను, ఏటనుకోకండి" అన్నాడు. "మావోడు నేర్సిన ఆ బాసలు మన పక్క ఇంకెవులికొచ్చండీ?"

"నాకొచ్చు."

"మీరు గాక?"

"ఎవరికీ రాదు లచ్చయ్యా."

ఆయన కొడుకు కూర్చున్న రైలుపెట్టెవైపు చూసి, మళ్ళీ నావైపు తిరిగాడు.

"అయితే ఇంక మీకు మాటాడ్డానికి ఎవులూ నేరన్నమాట" అన్నాడు. ఆయన గొంతులో కోపం ఏ మూలా లేదు. నా మీద జాలిపడి అన్నాడు.